రెండు సీసాల నీళ్ళు

కాకినాడ,
9 ఫిబ్రవరి 1961

అక్కా,

ఆదివారం పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాను. బెజవాడలో బండి తప్పిపోయి నాలుగు గంటలు ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. నువ్వు కట్టిచ్చిన జొన్నరొట్టెలూ చెనక్కాయల పొడీ ఉండబట్టి ఆకలి తెలియలేదు. బావ సంవత్సరీకానికి వచ్చి నాలుగు రోజులు నీ దగ్గరున్నాను. ఆ నాలుగు రోజులూ ఒక మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. కర్మ జరిగే ఇంట్లో చెప్పవలసింది కాదని ఊరుకున్నాను.

నీ కూతురు చౌడికి పాలపళ్ళు ఊడి కొత్తగా రెండు పళ్ళు వచ్చాయి కదా. వాటి మీద గోధుమరంగు చారలున్నాయి. నువ్వు ఉప్పూ పసుపూ వేసి రుద్దుతున్నావు. అది రుద్దితే పోయే గార కాదక్కా. మీ వీధిలో ఆడుకునే పిల్లల్ని పిలిచి నోళ్ళు తెరిపించి చూశాను. బావ బావి తవ్విన తర్వాత పుట్టినవాళ్ళందరికీ ఉన్నాయి. నెల్లూరు, గుంటూరు వైపు కొన్ని ఊళ్ళ గురించి ఇలాంటిదే చదివాను. అక్కడ పళ్ళతో మొదలై ఎముకల దాకా పోయింది. కారణం తాగే నీళ్ళు. కొన్ని లోతైన రాతి బావుల్లో ఫ్లోరిన్ అనే పదార్థం కరిగి ఉంటుంది. కంటికి కనబడదు, నాలుకకు తెలియదు.

బావ తవ్విన బావి గురించి ఇలా రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. రాయక తప్పదు. ఒక సీసా బాగా కడిగి, ఆ బావి నీళ్ళు నింపి, ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే పంపు. కాలేజీలో నేనే పరీక్ష చేస్తాను. ఫలితం తెలిసేదాకా చౌడిని మా దగ్గర ఉంచు. నీ మరదలు ఆంజినమ్మ కూడా ఎంతో ఆశగా అడుగుతోంది. ఇక్కడ బడి మా వీధి చివరే.

నీ తమ్ముడు
జయరాముడు


నల్లబండపల్లె,
27 ఫిబ్రవరి 1961

జయరామా,

మేము ఉన్నాము, మేకలు ఉన్నాయి, వాన లేదు. నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. మూడోసారి మా అత్తకు చదివి వినిపించినాను. వినిపించకుండా ఉండాల్సింది.

కరువు సంవత్సరంలో ఈ ఊరు ఎట్లుండేదో నీకు గుర్తుందా? వంకలో ఇసుక తోడి, చెలమలో ఊరే నీళ్ళకోసం దోసిలి పట్టి కూర్చుంటే, ఒక కడవ నిండేటప్పటికి పొద్దు నెత్తిమీదికి వచ్చేది. ఆ ఏడాదే మీ బావ గడ్డపార పట్టినాడు. రెండేండ్లు అరవై అడుగులు బండ పగలగొట్టుకుంటూ దిగినాడు. మందు పెట్టి పేల్చిన ప్రతిసారీ నేను గట్టుమీద చెవులు మూసుకొని కూర్చున్నాను. నీళ్ళు పడిన రోజు ఊరంతా వచ్చి ఆయన కాళ్ళు కడిగినారు. ఈరోజుకు పదకొండు ఇండ్లు ఆ నీళ్ళే తాగుతున్నాయి. ఆయన పోయి ఏడాది తిరిగిందో లేదో, ఆ నీళ్ళు మంచివి కావంటున్నావు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

ఇక బిడ్డ సంగతి. మా అత్త మారెక్కకు కాళ్ళు పడిపోయినాయి గానీ నోరు పడిపోలేదు. ఆమె అన్నది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "నీ తమ్ముడు నీళ్ళకోసరం రాయలేదులే. పెండ్లయి తొమ్మిదేండ్లాయె, వాని ఇంట్లో ఉయ్యాల యాడుండాది? సీసా పేరు జెప్పి పిల్లను సాకుకునేదానికి లాక్కపోవల్లని చూస్తాండాడు."

నేను కసురుకున్నాను. కసురుకున్నాను గానీ, 'ఆంజినమ్మ ఎంతో ఆశగా' అని నువ్వు రాసినచోట నాకూ కాలు తట్టుకుంది. మొగుడు పోయిన దానికి మిగిలింది ఒక్క బిడ్డ. మన నాయన ఉంటే, ఆ బిడ్డను అడిగేదానికి నీకు నోరెట్లా వచ్చిందిరా అనేవాడు.

నీళ్ళు పంపుతాను. బిడ్డను పంపను.

తిమ్మక్క


కాకినాడ,
16 మార్చి 1961

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు నాకు అన్నం సయించలేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. నీ బిడ్డను నీ నుంచి లాక్కునేవాణ్ణా నేను? మారెక్క అత్త ఒక్కతే అంటే నవ్వుకునేవాణ్ణి. నువ్వు అన్నావు. దాన్ని ఇక్కడితో వదిలేస్తాను. నువ్వూ వదిలెయ్యి.

ఈ నెల పిల్లలకు నేను చెబుతున్న పాఠం నీకూ చెప్తాను. అప్పుడు నా భయమేమిటో తెలుస్తుంది. ఇంగ్లీషులో దాన్ని వేలన్సీ అంటారు, తెలుగు పుస్తకాల్లో సంయోజకత అంటున్నారు. ప్రతి పదార్థపు పరమాణువుకూ చేతులున్నాయనుకో. కొన్నింటికి ఒకటి, కొన్నింటికి రెండు, బొగ్గుకు నాలుగు. ఎన్ని చేతులుంటే అంతమందినే పట్టుకోగలదు. చేతులన్నీ నిండితే నెమ్మదిస్తుంది, ఖాళీ చెయ్యి ఉంటే ఊరుకోదు. ఎముకలో ఉండే సున్నానికి రెండు చేతులు. నేను చెప్పిన ఫ్లోరిన్‌కు ఒక్కటే. కానీ అది ఉడుంపట్టు. నీళ్ళతో ఒంట్లోకి పోయి, ఎదిగే పిల్లల పళ్ళలోనూ ఎముకల్లోనూ సున్నం చెయ్యి పట్టుకుంటుంది. ఇంక వదలదు. ఎముక గట్టిపడినట్టే ఉంటుంది, వంకర పోతుంది.

ఇక్కడ తత్త్వశాస్త్రం చెప్పే ఈశ్వరప్ప మన బళ్ళారివాడే. మనసును గురించి చదివేవాళ్ళు కూడా ఈ వేలన్సీ మాట వాడతారని నిన్న చెప్పాడు. అక్కడ చేతుల లెక్క కాదట, గుర్తుల లెక్కట. మనల్ని లాగేదానికి కూడిక గుర్తు, వెనక్కి తోసేదానికి తీసివేత గుర్తు. ఒకే వస్తువుకు రెండు గుర్తులూ ఉంటే మనిషి అటూ పోలేక ఇటూ రాలేక గడపమీద నిలబడిపోతాడట. బావ బావి తలచుకుంటే నాకలాగే ఉంది. నీకూ ఉంటుందని అనుకుంటున్నాను.

సీసా మరచిపోవద్దు.

జయరాముడు


నల్లబండపల్లె,
3 మే 1961

జయరామా,

యాడికి ఊళ్ళో హైస్కూలు లెక్కల అయ్యవారిది పెద్దాపురం. ఎండాకాలం సెలవులకు ఇంటికి పోతున్నాడని తెలిసి సీసా ఆయన చేతికిచ్చినాను. మీ ఇంటికే తెచ్చి ఇస్తానన్నాడు. మూతికి పసుపుదారం కట్టింది నేనే. నవ్వుకోండి గానీ దారిలో విప్పవద్దని ఆయనకు చెప్పినాను.

పరీక్షకు కావలసినంత తీసుకొని, మిగిలినవి పారబోయవద్దు. ఆంజినమ్మను తాగమను. అక్క ఇంటినుంచి వచ్చిన నీళ్ళు మోరీలో పోయకూడదు.

నీ పాఠం బాగుంది. చేతుల సంగతి నాకు తెలిసింది, చౌడికి కూడా చెప్పినాను. మీ ఈశ్వరప్ప చెప్పిందే నాకు పొసగలేదు. ఆ గుర్తుల లెక్క రాసినాయన ఎన్నడూ కోడలుగా బతికి ఉండడు. లాగేదీ తోసేదీ ఒకటే అయితే గడపమీద నిలబడిపోయేదానికి ఇక్కడ ఎవరికి తీరిక ఉంది? మా అత్తను చూస్తే రెండు గుర్తులూ ఉన్నాయి నాకు. అయినా పొద్దున్నే ఆమెను లేపి కూర్చోబెట్టి మొహం కడగాల్సిందే.

పోయినసారి కటువుగా రాసినాను. మనసులో పెట్టుకోవద్దు.

తిమ్మక్క


కాకినాడ,
24 మే 1961

అక్కా,

ఈ కబురు టెలిగ్రాం ఇద్దామనుకున్నాను. మీ ఊరికి టెలిగ్రాం వస్తే ఎవరో పోయారని ముందే ఏడుస్తారని మానుకున్నాను. నీళ్ళు మంచివి.

దీనికి ఎర్రటి ద్రావణం ఒకటుంది. నీళ్ళలో ఫ్లోరిన్ ఉంటే ఎరుపు వెలిసి పసుపుకు తిరుగుతుంది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఎరుపు అలాగే నిలిచింది. ఒక గిన్నెడు నీళ్ళు ఇంకబెట్టి చూస్తే అడుగున చూద్దామన్నా ఏమీ మిగలలేదు. ఇంత శుభ్రమైన నీళ్ళు మా కాలేజీ కుళాయిలో కూడా రావు. పిల్లల పళ్ళ మచ్చలకు ఇంకేదో కారణం ఉండాలి. తిండిలో లోపమేమో.

బావ బావిని అనుమానించినందుకు ఆయన ఫోటోకు దండం పెట్టుకున్నాను. ఆంజినమ్మ ఒక గ్లాసు తాగింది. "తియ్యగా ఉండాయి" అని ఇంకో గ్లాసు పోసుకుంది. రాయదుర్గం పిల్లకు సముద్రం పక్కన తొమ్మిదేళ్ళు ఉన్నా మన వైపు నీళ్ళమీద మోజు పోలేదు.

నిశ్చింతగా తాగండి. చౌడిని నీ దగ్గరే ఉంచుకో. ఇంక ఆ మాట ఎత్తను.

జయరాముడు


నల్లబండపల్లె,
18 నవంబరు 1962

జయరామా,

నువ్వు ఉత్తరాలు తగ్గించినావు, నేనూ తగ్గించినాను. రాసేదానికి ఏముంది, ఈ ఏడు కూడా చెనక్కాయ గింజ పట్టలేదు. చెట్టు పచ్చగానే ఉండింది, పెరికితే కింద ఏమీ లేదు.

అడగాలా వద్దా అని రెండు నెలలు చూసినాను. చౌడి నడక మారింది. ముందు నేను గమనించలేదు. బడికి పోయి వచ్చేటప్పుడు వెనక పడుతోందని మేకలు కాసే బసప్ప చెప్పినాడు. "ఏమక్కా, నీ కూతురు కాళ్ళు కత్తెర మాదిరి పడ్తాండాయే, చూసుకోలేదా?" అన్నాడు. నిలబెట్టి చూసినాను. మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి తగులుతున్నాయి, పాదాలు దూరంగా ఉంటున్నాయి. ఉక్కిరాయి ఆటలో గెంతితే పడిపోతోందని పిల్లలు దాన్ని ఆటలో చేర్చుకోవడం మానేసినారు.

ఎముకలు కట్టేవాని దగ్గరకు తీసుకుపోయినాను. వెదురుదబ్బలు పెట్టి ఇరవై దినాలు కట్టినాడు. రాత్రంతా ఏడిచేది. విప్పినాక మళ్ళీ అట్లాగే ఉంది. మా అత్త దిష్టి అంటోంది. ఊళ్ళో ఇంకా ఇద్దరు పిల్లలకు మొదలైంది.

ఎనిమిదేండ్ల పిల్ల జయరామా. నడుస్తూ నడుస్తూ నా మొహంలోకి చూస్తుంది, బాగా నడుస్తున్నానా అని.

తిమ్మక్క


కాకినాడ,
4 డిసెంబరు 1962

అక్కా,

ఉత్తరం చేరిన పూటే మందుల షాపుకు పోయి సున్నం మాత్రలు కొన్నాను, పార్సిల్ చేశాను. రోజుకు రెండు వెయ్యి. పాలు ఎంత దొరికితే అంత పట్టు. కాళ్ళకు ఇంక కట్లు కట్టించవద్దు.

ఇప్పుడు ఒక మాట అడుగుతాను. కోపం తెచ్చుకోకుండా జవాబు రాయి. ఇవాళ పాత నోటుపుస్తకం తీశాను. గిన్నెలో ఇంకబెడితే ఏమీ మిగలలేదని నా చేత్తో రాసుకున్నాను. నీ ఇంట్లో నీళ్ళు కాచే బానకు అడుగున తెల్లగా వేలెడు మందాన పొర కట్టి ఉండడం నేను కళ్ళారా చూశాను. బావ సంవత్సరీకం రోజు ఆ బానలోంచే తోడుకుని స్నానం చేశాను. బానలో పొర కట్టే నీళ్ళు గిన్నెలో ఎందుకు కట్టలేదు?

ఆ సీసాలో నువ్వు పోసింది ఏ నీళ్ళు?

జయరాముడు


నల్లబండపల్లె,
29 డిసెంబరు 1962

జయరామా,

ఈ ఉత్తరం నా మరిది ఓబన్న తెస్తున్నాడు. రెండో సీసా వాని చేతిలోనే ఉంది. అది మన బావి నీళ్ళు. నేనే చేదుకున్నాను. దారం కట్టలేదు.

మొదటి సీసాలో పోసింది కొండమీది రాములవారి దోన నీళ్ళు. బండ తొలిచినట్టుండే గుంటలో వానలకు నిలిచే నీళ్ళు, నువ్వు చిన్నప్పుడు నాతో ఎక్కి చూసిందే. బిడ్డలు లేనివాళ్ళు వాటికోసరం ఎక్కడెక్కడినుంచో వస్తారు. శనివారం తలకు పోసుకొని తడిబట్టతో ఎక్కి, ఎవరితో మాట్లాడకుండా తెచ్చి తాగిస్తే కడుపు పండుతుందని నమ్మకం. మా తోడికోడలికి అట్లాగే పుట్టినాడు కొడుకు.

సీసా కడిగి బావి దగ్గరకు పోయినదాన్నే. నాయనా అమ్మా పోయినాక నీకు పుట్టిల్లు నా ఇల్లే. ఆ ఇంటినుంచి తమ్ముడింటికి పోయేది ఒక్క సీసా, దాంట్లో ఉప్పటి నీళ్ళా అనిపించింది. మీ పరీక్షకు ఏవైనా ఒకటే, నీళ్ళు నీళ్ళే అనుకున్నాను. ఆంజినమ్మకు కూడా మేలు అవుతుందని శనివారం ఉపవాసం ఉండి కొండ ఎక్కినాను. నీకు చెప్తే నవ్వుతావని చెప్పలేదు. నువ్వు నీళ్ళు మంచివని రాసినప్పుడు, చూసినావా దోన మహిమ అని లోపల్లోపల సంతోషపడినాను గానీ, మన బావిని చూడనే లేదు కదా అని ఆలోచించలేదు.

తప్పు జరిగిపోయింది. ఏం చేయాలో చెప్పు.

తిమ్మక్క


కాకినాడ,
20 జనవరి 1963

అక్కా,

ఓబన్న ఎదురుగా కూర్చుని ఉండగానే పరీక్ష చేశాను. నీళ్ళు పడీ పడగానే ఎరుపు పోయి పసుపు తిరిగింది. పది లక్షల పాళ్ళ నీళ్ళలో ఫ్లోరిన్ ఒక పాలు ఉండవచ్చు, మించితే ఒకటిన్నర. మీ బావిలో అయిదు దాటి ఉంది.

ఏం చేశావక్కా. ఏడాదిన్నర. ఎదిగే వయసులో ఏడాదిన్నర ఆ పిల్ల ప్రతిపూటా ఆ నీళ్ళు తాగింది, 'నిశ్చింతగా తాగండి' అని నేను రాసిన ఉత్తరం నీ పెట్టెలో ఉండగా. నీ ఉపవాసం, నీ తడిబట్ట తలచుకుంటే ఒళ్ళు మండుతోంది. ఈ నాలుగు వాక్యాలూ కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. నాకు అంత కోపం వచ్చిన మాట నిజం.

కోపం తగ్గాక నా సంగతి చూసుకున్నాను. గిన్నె అడుగున ఏమీ మిగలకపోతే మొదటి సంవత్సరం కుర్రాడైనా అడుగుతాడు, అరవై అడుగుల రాతిబావి నీళ్ళు వాననీళ్ళలా ఎట్లా ఉన్నాయని. నేను అడగలేదు. ఎందుకంటే నాకు కావలసిన జవాబు వచ్చింది. బావ బావి మంచిదవ్వాలి, నువ్వు నన్ను మళ్ళీ నమ్మాలి. ఆ ఎరుపు చూసి నా మనసు అటే మొగ్గింది. ఈశ్వరప్ప చెప్పిన గుర్తులు బావికే ఉంటాయనుకున్నాను. నా కంటికి కూడా ఉన్నాయి. ఒక కూడిక గుర్తు ఎదురుగా ఉంటే పక్కనున్నది కనబడలేదు. నీది తెలియక చేసిన తప్పు. నాది తెలిసినవాడు చేసిన తప్పు.

ఇంకొకటి ఉంది. రాయకపోతే నేను మనిషిని కాను. మారెక్క అత్త అన్నది పూర్తిగా అబద్ధం కాదు. చౌడిని పంపమన్నప్పుడు పళ్ళ భయం నిజమే. కానీ పిల్ల వస్తే ఇల్లు ఎలా ఉంటుందో నేనూ ఆంజినమ్మా ముందే మాట్లాడుకున్నాం. ఏ గదిలో పడుకోబెట్టాలో కూడా అనుకున్నాం. నువ్వు కనిపెట్టావు. నేను నీమీద నిష్ఠూరమాడాను.

అందుకే ఇప్పుడు పంపమని అడగడానికి నాకు నోరు లేదు. తెలిసింది మాత్రం చెప్తాను. వంగిన ఎముక పూర్తిగా తిన్నబడుతుందని మాట ఇవ్వలేను. ఈ నీళ్ళు ఇవాళ మాన్పిస్తే ఇంక ముదరకపోవచ్చు. పిల్ల ఎదిగేకొద్దీ కొంత సరికావచ్చు. నిర్ణయం నీది.

జయరాముడు


నల్లబండపల్లె,
11 ఫిబ్రవరి 1963

జయరామా,

నీ ఉత్తరం వచ్చిన రోజునుంచి దోన నీళ్ళు మోస్తున్నాను. పొద్దున ఒక బిందె, పొద్దుగూకి ఒక బిందె. చౌడికి తాగేదానికీ వంటకూ సరిపోతున్నాయి. పదకొండు ఇండ్లకూ పోయి చెప్పినాను. ఇద్దరు విన్నారు. మిగతావాళ్ళు, "నీళ్ళుండేదే గొప్ప తిమ్మక్కా, పండ్లు నల్లబడితే యేమి పోతాది" అన్నారు. వాళ్ళను నేనేమనగలను, రెండేండ్లు నేనూ అట్లాగే అన్నాను.

నువ్వు నీ కడుపులోది చెప్పినావు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు, పడితే పడనీ. ఓబన్న చేత పంపిన ఉత్తరంలో నేను సగమే రాసినాను.

ఆంజినమ్మకు బిడ్డ పుట్టాలని మొక్కుకున్న మాట నిజం. ఎందుకు మొక్కుకున్నానో రాయలేదు. ఆమెకు పుడితే నా బిడ్డ జోలికి రారని. కొండ ఎక్కుతున్నంతసేపూ అదే. రాములవారి ముందర సీసా పెట్టి, వాళ్ళ ఒడి నింపి నా ఒడి కాపాడు స్వామీ అన్నాను. ప్రేమతోనే చేసినాను, భయంతోనే చేసినాను. ఏది ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు.

దానికిందిది ఇంకా ఉంది. బావి దగ్గర సీసా పట్టుకొని నిలబడినప్పుడు, ఈ నీళ్ళలో ఏమైనా ఉందంటే బిడ్డను పంపక తప్పదు కదా అని ఒక్క నిమిషం అనిపించింది. ఒక్క నిమిషమే. ఆ నిమిషంలోనే వెనక్కి తిరిగి కొండదారి పట్టినాను. తెలియక చేసిన తప్పు అని రాసినావు నువ్వు. నాకు తెలుసు జయరామా. తెలుసుకోకూడదని అనుకున్నాను, అంతే.

నిన్న చౌడి కాళ్ళకు నూనె రాస్తూ ఉంటే, "దబ్బలు కట్టొద్దులేమా, నేను మెల్లగా నడుస్చా" అంది. నేను బయటికి పోయి గొడ్లపాకలో కూర్చున్నాను.

ఎండాకాలం దాకా చూద్దాం. నాకు కొంచెం వ్యవధి ఇవ్వు.

తిమ్మక్క


కాకినాడ,
2 మార్చి 1963

అక్కా,

వ్యవధి ఇవ్వడానికి నేనెవరిని? మీ బావి సంగతీ పరీక్ష ఫలితమూ రాసి కలెక్టరుగారికి అర్జీ పంపాను. ఇంకా జవాబు లేదు.

నీ ఉత్తరం ఆంజినమ్మకు చదివి వినిపించాను. నువ్వు చెప్పవద్దనలేదు, చెప్పమనలేదు. ఆమె ఉత్తరం తీసుకుని మడిచింది. తర్వాత, "ఉపాసముండి నాకోసరం కొండెక్కింది కదా, సగం నాకోసరమే గదా" అంది. ఆ సగమే ఆమె తీసుకుంది.

దోన ఎండాకాలంలో ఎన్నాళ్ళుంటుందో నాకంటే నీకే బాగా తెలుసు. చౌడి ఎక్కడున్నా నీ బిడ్డే. దత్తత మాట, సాకుకునే మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఇది ఆంజినమ్మ పక్కన కూర్చుని రాయించిన వాక్యం.

జయరాముడు


రాయలచెరువు స్టేషన్,
7 జూన్ 1963

జయరామా,

బండి ఇప్పుడే పోయింది. బిడ్డ ఓబన్నతో వస్తోంది. ఈ ఉత్తరం స్టేషన్‌లో కూర్చొని రాస్తున్నాను. ఇక్కడే డబ్బాలో వేస్తాను, వాళ్ళ తర్వాత ఒకటి రెండు రోజులకు నీకు చేరుతుంది.

దోన ఏప్రిల్‌లోనే అడుగంటింది. బురద వడగట్టి ఇరవై రోజులు తాగించినాను. తర్వాత అది కూడా లేదు. ఒకరోజు నేను చేలో ఉండగా దప్పికయి, బిడ్డ బావి నీళ్ళు చేదుకొని తాగింది. నేను చూసి చెయ్యి చేసుకున్నాను. తాగేదానికి నీళ్ళు అడిగిన బిడ్డను కొట్టినాను. ఆరోజే ఓబన్నకు టికెట్ల సంగతి చూడమన్నాను. నేనూ రావాలనే అనుకున్నాను, మా అత్త నోట్లో నీళ్ళు పోసేవాళ్ళు ఇంకొకరు లేరు.

ఊరినుంచి స్టేషన్ దాకా ఎద్దులబండి కట్టించినాను. బండి దిగినాక ప్లాట్‌ఫారం చివరిదాకా తనే నడుస్తానంది. ఎత్తుకోబోతే ఒప్పుకోలేదు. అందరూ చూసినారు. చూడనీ అని నేనూ పక్కన నడిచినాను.

దానికి చద్దన్నంలో మజ్జిగ ఎక్కువ ఉండాలి. చీకటంటే భయం. అబద్ధం చెప్పేటప్పుడు కుడిచెయ్యి వెనక్కు పెట్టుకుంటుంది. బడిలో పిల్లలు నడకను వెక్కిరిస్తే నీకు చెప్పదు, ఆంజినమ్మను అడగమను. ఆంజినమ్మను ఏమని పిలవాలని నన్ను అడిగింది. అమ్మా అని పిలువు అన్నాను. "మల్ల నిన్నేమని పిలవల్ల?" అంది. నన్నూ అట్లాగే పిలువు అన్నాను. సాకుకునే మాట ఎత్తనని రాసినావు. ఎత్తు. సాకుకోండి. ఎవరూ సాకకుండా బిడ్డలు పెరగరు.

ఇప్పుడు అసలు మాట. వచ్చే ఎండాకాలం సెలవులకు బిడ్డను పంపమని నేను నీకు రాస్తాను. తప్పకుండా రాస్తాను, నా సంగతి నాకు తెలుసు. జబ్బు పడినానని రాస్తాను. అవ్వ చావుబతుకుల్లో ఉంది, ఒక్కసారి చూపించి పంపుతానని రాస్తాను. ఊరికి మంచినీళ్ళు వచ్చినాయని కూడా రాస్తానేమో. పంపవద్దు. ఆ నీళ్ళు నువ్వే వచ్చి, నీ చేత్తో పట్టుకొని, పరీక్ష చేసుకొనేదాకా ఒక్క పూటకు కూడా పంపవద్దు. నేను ఎంత ఏడ్చి రాసినా నమ్మవద్దు. ఈ ఒక్క ఉత్తరమే నమ్ము.

తిమ్మక్క